మా అమ్మకు తీయని ఫొటో

నా చిన్నప్పుడు మా చోడవరం వైపు ఎక్స్‌రేని ‘లోపలి ఫొటో’ అనేవారు. అది జబ్బును చూపించడమే కాదు, తగ్గిస్తుందని కూడా చాలామంది నమ్మేవారు. బుచ్చయ్యపేటలో మా బంధువు ఒకాయనకు ఫొటో తీశాక దగ్గు పోయింది. ఆయన మందులు కూడా మింగాడన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రోజుల్లోనే నేను చెరుకు బండి వెనక నుంచి గడ లాగబోయి పడి, ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాను. చెయ్యి వాచి, వంకర తిరిగింది. ఊళ్లో కట్లు కట్టే ఆయన చూసి తన వల్ల కాదన్నాడు. మా తాతయ్య, అమ్మ నన్ను బస్సులో విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో అమ్మకు వాంతులతో సొమ్మసిల్లినంత పనైంది.

అప్పటికి అమ్మకు మూడో నెల. అది నాన్నకూ నాయనమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఐదో నెల రాకముందే బయటపెడితే దిష్టి తగులుతుందని మా ఇంట్లో పట్టింపు. పైగా మామగారి ఎదుట కోడలు అలాంటి మాట ఎత్తడం ఆ రోజుల్లో లేదు. నాకైతే పెద్దయ్యాక అమ్మే చెప్పింది.

ఎక్స్‌రే గది గుమ్మంలో ఉన్న నర్సమ్మతో తాతయ్య అన్నాడు: “ఇంత దూరం వచ్చేం కదా తల్లీ. పన్లో పని, మా కోడలి పొట్టకీ ఓ ఫొటో తీసీయండి. నెల్లాళ్లయి ఏటి తిన్నా ఇమడ్డం నేదు.”

“పన్లో పని అనడానికి ఇదేటి తాతా, క్షవరమా?” అంది ఆవిడ. నా వెనక నిలబడ్డ అమ్మ తల వంచుకుంది. నర్సమ్మ ఆమెను ఒక్క క్షణం చూసింది గాని, మా ఎదుట ఏమీ అడగలేదు. పిల్లాణ్ణి కదలకుండా పట్టుకోడానికి తాతయ్యే లోపలికి రావాలంది. నేను అమ్మ కావాలని ఏడ్చాను. ఆవిడ ఒప్పుకోలేదు. కిరణాలు తగలకుండా సీసం కుట్టిన బరువైన ఏప్రాన్ తాతయ్యకు తొడిగి, ఫొటో తీసే ఆయనకు మమ్మల్ని అప్పగించి, తలుపు వేసి అమ్మ దగ్గరికి వెళ్లింది.

మేం బయటికి వచ్చేసరికి అమ్మ బల్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

“అమ్మాయికి ఫొటో వద్దు తాతా,” అంది నర్సమ్మ. “ఈ కిరణాలు కంటికి కనపడవు, కాలవు, నొప్పెట్టవు. అందుకే ఏటీ కాదనుకుంటారు.”

“అలాగైతే మా గుంటడికి తీసీసేరేటి?” తాతయ్య నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

“ఎముక వంకరగా అతికితే జన్మంతా బాధ. అది సూసుకోడానికి ఈ కాస్తా పరవాలేదు. అమ్మాయికి తీస్తే లాభం నేదు, నట్టం ఉండొచ్చు. ఆ పొట్టలో ఏటుందో నెలలు నిండేక నువ్వే సూద్దువుగాని.”

తిరుగు ప్రయాణంలో తాతయ్య అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎవరి మోచెయ్యీ తగలకుండా తాను అడ్డంగా నిలబడ్డాడు. ఇంట్లో ఆ సంగతి ఎరగనట్టే ఉన్నాడు. ఐదో నెలలో నాయనమ్మ చెబితే అప్పుడే విన్నట్టు తలూపాడు. చెల్లెలు ఏ లోపమూ లేకుండా పుట్టింది.

పెద్దయ్యాక నేను ఎక్స్‌రే తీసే చదువు చదివి, అలాంటి గదిలోనే ఉద్యోగం చేశాను. యంత్రాలు మారాయి, “నొప్పి ఉండదు కదా, ఏం కాదులే” అన్న మాట మాత్రం మారలేదు. అలా అన్నవాళ్లకు, ఈ ఫొటో వల్ల డాక్టరుకు ఏం తెలుస్తుందో, తీయకపోతే ఏం నష్టమో, తీస్తే ఎంత ప్రమాదమో విడివిడిగా చెప్పేవాణ్ణి. నెల తప్పిందేమోనని ఆడవాళ్లను అడిగే ముందు వెంట వచ్చిన వాళ్లందర్నీ బయటికి పంపేవాణ్ణి. ఎవరైనా తల వంచుకుని ఊరుకుంటే, దాన్ని ‘లేదు’ అన్న జవాబుగా నేను ఎన్నడూ తీసుకోలేదు.