మామ మోచెయ్యి

మా మైదుకూరు మామ మొన్న పోయాడు. అమ్మకు సొంత తమ్ముడు. గుండెపోటట. ఫోన్ పెట్టేయగానే నా కళ్ల ముందు మెదిలినవి అత్త పాదాలు. ఇకమీదట ఆమె స్నానం నీళ్ల వేడి ఎవరు చూస్తారు?

అత్తకు చాలా ఏళ్లుగా షుగర్. పాదాలకు వేడీ చల్లనా తెలియదు. అయినా గుళ్లు తిరగాలన్న ఆశ మాత్రం తగ్గలేదు. లాడ్జి మెట్లు ఎక్కలేదని మామ పాత వ్యానునే ఇల్లుగా మార్చాడు. మంచం, గ్యాస్ పొయ్యి, మూలన స్నానానికి చోటు. బద్వేలు మెకానిక్‌తో స్టీలు ట్యాంకు పెట్టించి, ఇంజన్‌లో కాగే నీళ్ల గొట్టాన్ని దాని లోపల చుట్టలు చుట్టించాడు. బండి నడుస్తుంటే చాలు, ట్యాంకులో స్నానానికి నీళ్లు కాగేవి.

"ఇంజన్ వేడి ఊరికే గాలికి పోతాండాది పాపా. మీ అత్తకు పనికొస్తే ఏం పోయింది?" అనేవాడు నాతో.

మొదటి ప్రయాణంలోనే దెబ్బ తగిలింది. బిందెడు నీళ్ల కోసం ఎదురుచూసి పెరిగిన మనిషి అత్త. వేడినీళ్లలో చన్నీళ్లు కలపడం ఆమెకు దుబారా. ఘాట్ ఎక్కి వచ్చిన బండిలో నీళ్లు సలసలా కాగుతుంటే అలాగే కాళ్ల మీద పోసుకుంది. పాదాలు బొబ్బలెక్కాయి. ఆమెకు నొప్పే తెలియలేదు, ఏడ్చింది మామ.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే భయం. దారి పొడవునా ఇంజన్ వేడి చూపే ముల్లు మీదే కళ్లు. మీరు నవ్వుతారేమో, గుడి ముందు ఆగినా బానెట్ ఎత్తి చూసేవాడు. దేవుడికన్నా ఇంజన్‌నే ఎక్కువ దర్శించుకున్నావని ఏడిపించేదాన్ని. బకెట్‌లో ముందు తన మోచెయ్యి ముంచి "ఇంగ పోసుకో" అంటే తప్ప అత్త చెంబు ముట్టేది కాదు.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ బండి మీదే. ముల్లు పైకి పోతే ఆపి చల్లారనిమ్మనేవాడు. "బండి చెడిపోతే బాగుచేపిచ్చుకుందాం పాపా. మీ అత్తకు కాళ్లు యాడ తెచ్చేది?" అనేవాడు. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

అస్థికలు కలపడానికి నది దాకా నేనే నడిపాను. ఎండ మండిపోతోంది. ముల్లు పైకి పోయినప్పుడల్లా మామలాగే ఆపి ఆపి పోయాను. నదిలో రాళ్లు గుచ్చుకున్నా తెలియదని, అస్థికలు కలిపాక అత్తను స్నానానికి బండిలోకే తీసుకొచ్చాను.

బకెట్ నిండా ఆవిర్లు. చన్నీళ్లు కలిపి మోచెయ్యి ముంచాను. గోరువెచ్చగానే ఉన్నాయి. నమ్మకం చాలక మళ్లీ ముంచాను.

"పోసుకో అత్తా."

అత్త చెంబు అందుకోలేదు. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, డ్రైవర్ తలుపు వైపు చూస్తూ అట్లాగే నిలబడింది.