ఏడో వంతు వచ్చినా సగం రాని పిల్లలు

2024 వేసవి. ఆదోనిలో పత్తి గోడౌన్ల వీధిలో ఒక ఆన్‌లైన్ పరీక్షల కంపెనీకి బ్రాంచి ఉండేది. మేడ మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక కూలర్. గణితం జవాబుల బాధ్యత, కూలర్‌లో నీళ్ళు పోసే బాధ్యత రెండూ నావే. రెండో దానికే నన్ను ఎక్కువగా పిలిచేవారు.

మా పనిని ఆటో స్కోరింగ్ అంటారు. పిల్లలు కంప్యూటర్‌లో కొట్టిన జవాబుకు మనిషి చూడకుండానే మార్కు పడుతుంది. సరైన జవాబులన్నీ ముందే ఆన్సర్ కీలో పెడతాం. పిల్లవాడు కొట్టిందీ, కీలో ఉన్నదీ అచ్చుగుద్దినట్టు ఒకటైతే మార్కు, లేకపోతే సున్నా. మా సాఫ్ట్‌వేర్‌కు లెక్కలు బాగా వచ్చని బయట పేరు. దానికి వచ్చింది పోల్చడం ఒక్కటే. పెళ్ళి భోజనాల దగ్గర గుమ్మంలో నిలబడి విస్తళ్ళు అందించేవాడికి వంట కూడా వచ్చని అనుకుంటే ఎట్లా ఉంటుందో, ఇదీ అంతే.

పదో తరగతి పూర్తయినవాళ్ళకు ఉచితంగా సీట్లిచ్చే ఒక రెసిడెన్షియల్ కాలేజీకి ఆ ఏడాది ప్రవేశ పరీక్ష మేమే పెట్టాం. మార్కులు పడిన రోజు మా మేనేజర్ గోపాల్ సార్ నన్ను పిలిచారు. పత్తి వ్యాపారుల ఇంటి మనిషి. బస్తాలో చెయ్యి పెట్టి చూడందే దేన్నీ నమ్మరు. అలాంటి మనిషి సాఫ్ట్‌వేర్‌ను మాత్రం చెయ్యి పెట్టకుండానే నమ్మారు.

“శీనా, ఎమ్మిగనూరు సెంటరంతా కాపీనప్పా. భిన్నాల్లో అందరివీ ఒకే తప్పులు. ఫ్లాగ్ పడింది సూడు. రేపు పొద్దున కాలేజీకి లిస్టు పంపాల. వాళ్ళ పేర్లు తీసెయ్.”

ఫ్లాగ్ అంటే ఎర్రజెండా. ఒకే గదిలో చాలామంది ఒకే తప్పు చేస్తే, ఒకరిది చూసి ఒకరు రాశారేమోనని సాఫ్ట్‌వేర్ అనుమానిస్తుంది. జెండా పడితే ఫలితం ఆగుతుంది, కాపీ అనుమానమని పిల్లల ఇంటి ఫోనుకు మెసేజీ పోతుంది. లిస్టు వెళ్ళేలోపు దిగకపోతే సీటు పోయినట్టే.

“తీసేస్తా సార్. ఒకసారి సూసి తీసేస్తా.”

“సూసేదానికేముందప్పా? అది సూసింది గదా.”

నేను జవాబులు తెరిచాను. భార్గవి అనే అమ్మాయివి పైన కనిపించాయి. సగం, పావు కలపమంటే 90/120 అని కొట్టింది. కీలో ఉన్నది 3/4. మూడో వంతు, నాలుగో వంతు కలపమంటే 70/120. కీలో 7/12. సున్నా మీద సున్నా. ఆ తర్వాత 2/7, 3/7 కలపమంటే మాత్రం 5/7 అని కొట్టి మార్కు కొట్టేసింది. మిగతా పిల్లలదీ అదే వరస. సగం, పావు రానివాళ్ళకు ఏడో వంతులు వచ్చాయి. నడక రానివాడు తాడు మీద నడిచాడన్నమాట.

తొంభైని నూట ఇరవైతో భాగించి చూశాను. ముప్పావు. డెబ్బైని భాగించాను. అదీ సరే. అన్నీ సరైన జవాబులే! గొప్ప ఆవిష్కరణ చేసినవాడిలా కుర్చీలోంచి లేచాను. కూలర్ వైరు కాలికి తగిలింది. మళ్ళీ కూర్చున్నాను.

గోపాల్ సార్ విన్నారు కానీ కరగలేదు. “కరెక్టే అనుకో. అందరికీ నూట ఇరవై యాడ నుంచి వచ్చింది? కరెక్టు జవాబు కాపీ కొడితే మాత్రం కాపీ గాదా?”

అడగాల్సిన ప్రశ్నే. జవాబు మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్సు దిగి మెట్లెక్కి వచ్చింది. మగ్గాల వీధిలో తన ఇంటి అరుగు మీద ఆ పిల్లలందరికీ ట్యూషన్ చెప్పే రేణుకక్క ముందు, భార్గవి వెనక.

“మా పిల్లోళ్ళు కాపీ కొట్టినారని ఎవరప్పా అనింది?” అంది రేణుకక్క గుమ్మంలోనే.

“సాఫ్ట్‌వేర్ అక్కా.”

“యాడుండాది? పిలువు దాన్ని.”

ఇద్దరినీ కూర్చోబెట్టి, నూట ఇరవై సంగతి అడిగాను.

“పుంజమప్పా,” అంది రేణుకక్క, ఇంతమాత్రం తెలీదా అన్నట్టు. “పడుగులో నూట ఇరవై పోగులైతే ఒక పుంజం. మా ఇండ్లల్లో పిల్లోళ్ళకు క.సా.గు. అంటే జొరమొస్తాది. సగం పుంజమెంత అంటే అరవై అని నిద్రలో సెప్తారు. అందుకే అన్నీ పోగులు సేసి కలపమన్యా. మూడో వంతు నలభై, నాలుగో వంతు ముప్పై, కలిపితే డెబ్బై. అయిపాయె.”

“మళ్ళీ తగ్గించి రాయాల గదా?” అన్నారు గోపాల్ సార్.

“తగ్గించమని పేపర్లో ఉండాదా సార్?”

ప్రశ్నపత్రం తెరిచాను. ‘జవాబు రాయండి’ అని ఉంది. సూక్ష్మరూపం అనే మాటే లేదు.

భార్గవి నా వైపు తిరిగింది. “అన్నా, ఈ సీటు రాకుంటే మగ్గం మీద కూసోమన్నాడు మా నాయన. నేత నాకొచ్చు. లెక్కలు ఇంకా బాగొచ్చు.”

ఇక్కడ ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకోవచ్చు. గోపాల్ సార్ మాత్రం చొక్కా చేతులు మడిచారు. బస్తాలో చెయ్యి పెట్టే ముందు ఆయన చేసే పని అది. రేణుకక్కను పక్క గదిలోకి పంపి, భార్గవిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

“ఎనిమిదో వంతు, ఆరో వంతు కలుపు.”

ఆమె పెదాలు కదిలాయి. “పదైదు, ఇరవై...” 35/120 అని కొట్టింది. నేను సరిచూశాను. 7/24. విలువ ఒకటే.

“ఐదో వంతులు రెండు, మూడో వంతు ఒకటి.”

88/120.

గోపాల్ సార్ కుర్చీ ముందుకు లాక్కున్నారు. “ఏడో వంతులైతే? అవెందుకు పోగులు సెయ్యలేదు?”

“పుంజాన్ని ఏడు భాగాలు సేస్తే పోగు తెగుతాది సార్. ఏడును ఏడుగానే ఇడిసిపెడతాం.”

సార్ చొక్కా చేతులు దించుకున్నారు. “శీనా, హైదరాబాదుకు ఫోను కలుపప్పా,” అన్నారు.

హైదరాబాద్ ఆఫీసువాళ్ళు మొదట కంపెనీ పాలసీ అన్నారు. గోపాల్ సార్ పత్తి బేరం గొంతులో ప్రశ్నపత్రం చదివి వినిపించారు. పాలసీ పక్కకు తప్పుకుంది. సాయంత్రానికి ఈక్వివలెన్స్ చెక్ పెట్టారు. అంటే రాసిన రూపం చూడకుండా, రెండు జవాబుల విలువ ఒకటేనా అని మాత్రమే చూడటం. మళ్ళీ అందరి మార్కులూ వేశాం. ఎమ్మిగనూరు జెండాలన్నీ దిగిపోయాయి. ముప్పావును 0.75 అని కొట్టి సున్నా తెచ్చుకున్న ఆస్పరి ఊరి పిల్లవాడొకడు, ఎవరూ అడగకపోయినా, సీట్ల లిస్టులోకి వచ్చాడు. లిస్టులో మొదటి పేరు భార్గవిది.

చెప్పగానే రేణుకక్క ఆ అమ్మాయి వీపు మీద ఒక్కటి చరిచింది. మా వైపు ఆనందాన్ని అట్లాగే ప్రకటిస్తారు. ఆఖరి బస్సు పట్టుకోవాలని ఇద్దరూ లేచారు.

“కాలేజీలో కూడా నూట ఇరవైలోనే లెక్కలు సేస్తావా ఏమి?” అన్నారు గోపాల్ సార్.

“ఆడ ఏమి నేస్తారో సూసి సెప్తా సార్,” అంది భార్గవి. అప్పుడు నవ్వింది.

ఆ రోజు నుంచి మార్కులు పడగానే నేను సున్నాలనే ముందు తెరుస్తున్నాను. చాలామంది ఒకే తప్పు చేశారంటే ఒకరిది చూసి ఒకరు రాసి ఉండొచ్చు. అందరూ ఒకే అరుగు మీద నేర్చుకుని కూడా ఉండొచ్చు. ఏది నిజమో తెలియాలంటే పిల్లల్నే అడగాలి. సాఫ్ట్‌వేర్‌కు అడగడం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆ పనికి నాకు జీతమిస్తారు. కూలర్‌లో నీళ్ళు మాత్రం ఉచితం.