షెరీఫ్ బూట్లు విప్పిన రోజు

నా చిన్నప్పుడు బెజవాడలో మా ఇంటికి పత్రిక రాగానే మూడో పేజీ నాది, మిగతాదంతా మా నాన్నది. ఆ పేజీ అడుగున నాలుగు గళ్లలో రోజుకో ముక్కగా ఒక బొమ్మల కథ వచ్చేది. అమెరికాలో ఎడారి పక్కన ఒక ఊరు, ఆ ఊరికి ఒక షెరీఫ్, అతనికో గుర్రం, ఎంతకీ చిక్కని దొంగలు. నాకు పదేళ్లు. షెరీఫ్ అంటే ఏం ఉద్యోగమో తెలియదు గాని, అతని టోపీకి ఎన్ని సొట్టలున్నాయో తెలుసు. రోజూ కత్తిరించి పాత లెక్కల పుస్తకంలో అంటించుకునేదాన్ని. ఇప్పుడు టెక్సాస్‌లో, ప్లేనోలో, మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆ కథ జరిగింది ఈ రాష్ట్రంలోనేనని ఇక్కడికొచ్చాకే తెలిసింది. వచ్చి ఏడాదైంది, గుర్రం మాత్రం ఇంకా ఒక్కటీ కనబడలేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది, నాకంటే పదేళ్లు పెద్ద. తల్లి లేదు. అక్క వాళ్ల నాన్నగారు ఆ పత్రికలోనే బొమ్మల బల్ల దగ్గర పనిచేసేవారు. కథ బొమ్మలు బొంబాయి ఏజెన్సీ నుంచి రెండు వారాలకొకసారి నున్నటి కాగితాల మీద పోస్టులో వచ్చేవట. ఆయన ఇంగ్లిషు మాటల మీద తెల్లరంగు పూసి, అది ఆరాక మనుషుల నోటి పక్కనుండే మాటల బుడగల్లో తెలుగు మాటలు రాసేవారు. తెలుగుకు ఆ చోటు చాలదు. బుడగ పెంచాలి. పెంచితే వెనకాల కొండ సగం పోతుంది, మిగిలిన సగాన్ని కొండలా కనబడేట్టు మళ్లీ దిద్దాలి. ఇదంతా ఆఫీసులో జరుగుతుందనే నేను అనుకునేదాన్ని. మధ్యాహ్నాలు వాళ్ల ముందుగది తలుపు వేసి ఉండేది. నాన్నగారు పడుకున్నారని అక్క చెప్పేది.

ఆ ఏడు వానలకు రైలు కట్ట కొట్టుకుపోయి ఉత్తరాలు ఆగిపోయాయి. బొమ్మల కథ మాత్రం ఆగలేదు. ఒక రోజు పత్రికలో షెరీఫ్ ఒక కొయ్య ఇంట్లోకి వచ్చాడు. ఆ ఇంటికి ఎత్తుగా గడప ఉంది. గడప బయట అతని బూట్లు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా ఉన్నాయి. లోపల అతను వట్టి కాళ్లతో కూర్చున్నాడు. నేను నా లెక్కల పుస్తకం మొదటి నుంచీ తిరగేశాను. మంచం మీద నిద్రపోతున్నప్పుడు కూడా ఆ మనిషి ఏనాడూ బూట్లు విప్పలేదు.

ఇక నాకు కాలు నిలవలేదు. పెద్దవాళ్లెవరూ చూడనిది నేను చూశాను. నాన్న దగ్గర ఒక పోస్టుకార్డు అడిగి తీసుకుని సంపాదకుడిగారికి రాశాను. షెరీఫ్ బూట్లు విప్పాడనీ, ఇది మామూలుగా గీసే ఆయన గీయలేదనీ, వేరెవరో గీశారనీ. నా పేరు అచ్చులో ఎలా ఉంటుందో కింద రెండుసార్లు రాసి చూసుకున్నాను. చిరునామా అడగడానికి పక్కింటికి వెళ్లాను. నాన్నగారు లేరు. అక్క కార్డు తీసుకుని చదివింది, మళ్లీ చదివింది.

చించేస్తుందనుకోలేదు. కోప్పడుతుందనీ అనుకోలేదు. ముందుగది తలుపు తీసి నన్ను లోపలికి తీసుకెళ్లింది. కిటికీ కింద బల్ల, బల్ల మీద తెల్లరంగు గిన్నె, సన్నటి కలాలు, నున్నటి కాగితాలు. ఆ నెల బొమ్మల ముక్కలు ముప్పై దాకా చాప మీద కలగాపులగంగా పరిచింది. ప్రతి ముక్కలోనూ ముఖాల మీదా, సంతకం ఉండే మూల మీదా చిన్న చిన్న కాగితాలు కప్పింది.

"కూర్చోవే. వీటిలో అమెరికా ఆయన గీయనివి ఏవో తీసి పక్కన పెట్టు."

బూట్ల బొమ్మ తెలిసిందే, ముందు అది తీశాను. ఆ తర్వాత చాలాసేపు ఏమీ పాలుపోలేదు. గుర్రాలన్నీ గుర్రాల్లానే ఉన్నాయి. ముఖాలు చూడనివ్వమని బతిమాలాను. ముఖాలు చూసి లాభం లేదంది. అవి పాత బొమ్మల మీద పల్చటి కాగితం పెట్టి ఎత్తి రాసినవట. అందరూ చూసేచోట ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు, ఎవరూ చూడనిచోట చూడమంది. అప్పుడు తాళ్లు చూశాను. ముళ్లు చూశాను. నేల మీది రాళ్లు చూశాను. అమెరికా ఆయన రాళ్లు పలకలు పలకలుగా ఉన్నాయి. బూట్ల బొమ్మలో గడప బయటా, ఇంకో ముక్కలోనూ మాత్రం గులకరాళ్లు, కృష్ణ ఒడ్డున ఉన్నట్టు నున్నగా. మరో ముక్కలో రాళ్లు అదోరకంగా ఉన్నాయి, ఆయనవి మాత్రం కావు. ఆ రెండూ తీసి బూట్ల బొమ్మ పక్కన పెట్టాను. అక్క నవ్వింది.

ఆ తర్వాత జరిగింది చెప్పింది. ఆమె నాన్నగారి చేతులకు రెండేళ్లుగా వణుకు. కలం పట్టుకుంటే గీత నిలవదు. ఇంట్లో వెలుతురు బాగుంటుందని ఆఫీసులో చెప్పి కాగితాలు ఇంటికి తెస్తున్నారు, రాసేది అక్క. వానలకు బొంబాయి నుంచి బొమ్మల పొట్లం రాలేదు. రాలేదని చెబితే, ఇక్కడే కూర్చుని ఏదో ఒకటి గీసివ్వండి అంటారు. పదిమంది ముందు ఆ చెయ్యి బయటపడుతుంది. అందుకని పొట్లం వచ్చినట్టే ఊరుకుని ఇంట్లో గీశారు. ఇప్పుడు ఎవరో గీశారని సంపాదకుడికి ఒక కార్డు వెళ్తే ఏమవుతుందో ఆమె చెప్పలేదు. పదేళ్ల పిల్లకైనా అర్థమైంది.

బూట్లెందుకు విప్పించావని అడిగాను.

"గడప గీసేశానే. గీశాక బూట్లతో లోపలికి నడిపించడానికి చెయ్యి రాలేదు."

మరి మూలన అమెరికా ఆయన సంతకం ఎందుకు పెట్టలేదంటే, గీత దొంగిలించాను గాని పేరు దొంగిలించలేదంది. తర్వాత ఆ కార్డు తిరిగి నా చేతిలో పెట్టింది.

"కనిపెట్టావు, బాగుంది. కనిపెట్టడం ఒక పని, చెప్పడం ఇంకో పని. మధ్యలో, ఇది ఎవరి మీద పడుతుందో కనుక్కోవడం ఒకటుంది. కార్డు నీది. పోస్టు డబ్బా వీధి చివరే ఉంది, వెళ్తే వెళ్లు."

వీధి చివరిదాకా వెళ్లాను. డబ్బా ముందు నిలబడ్డాను. అచ్చులో నా పేరు కళ్ల ముందు కనిపించింది, దాని వెనకే ఆయన వణికే చెయ్యి కనిపించింది. రెంటినీ ఒకేసారి చూడటం నాకు చేతకాలేదు. ఇంటికి తిరిగొచ్చేశాను. ఆ సాయంత్రం ఎవరితోనూ ఆడబుద్ధి కాలేదు. ఒక సంగతి తెలిసి ఉండి చెప్పకపోవడం ఇంత బరువుగా ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. మరుసటి ఏడు అక్కకు పెళ్లై వెళ్లిపోయింది. ఆ వేసవిలోనే మా నాన్నకు బదిలీ అయింది. అక్క వాళ్ల నాన్నగారు ఆ ఏడే, ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యారని ఎప్పుడో విన్నాను. నేను పెద్దయ్యాక ముప్పై ఏళ్లు పత్రికలో వార్తలు దిద్దే డెస్కులో పనిచేశాను. ఈ సంగతి మాత్రం ఎక్కడా అనలేదు.

ఈ మధ్య మా వీధి చివర ఉండే ఒక అమెరికన్ పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పాత బొమ్మల కథలంటే పిచ్చి. ఏ రోజు ముక్క ఎవరు గీశారు, అక్షరాలెవరు రాశారు అని నలుగురైదుగురు మిత్రులతో కలిసి నెట్‌లో ఒక జాబితా రాసుకుంటూ ఉంటాడు. మా వైపు కొన్నాళ్లు పనిచేసి వచ్చిన ఒక డాక్టరు ఇంటి సామాన్లు అమ్మకానికి పెడితే, ఆ పెట్టెల్లో తెలుగు పత్రిక ముక్కలు దొరికాయట. నేను తెలుగు పత్రికలో పనిచేశానని మా అమ్మాయి చెప్పింది, పట్టుకొచ్చాడు. ఫైలు తెరవగానే షెరీఫ్‌ను గుర్తుపట్టాను.

ఆయన ప్రశ్న ఇది. అమెరికాలో అచ్చైన ముక్కలన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. ఈ తెలుగు ముక్కల్లో మూడు మాత్రం వాటిలో లేవు. జాబితాలో ఆ మూడింటి పక్కనా ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు. పైగా వాటిలో ఒకదానిలో షెరీఫ్ వట్టి కాళ్లతో ఉన్నాడు. ఎందుకు? గాయమా, శపథమా? మిత్రులంతా ఆరు నెలలుగా వాదించుకుంటున్నారట.

నేను మా గుమ్మం వైపు వేలు చూపించాను. మా ఇంట్లోకి చెప్పులతో ఎవరినీ రానివ్వదు మా అమ్మాయి. ఆయన బూట్లు చెప్పుల స్టాండులో పట్టక బయట నిలబడి ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు, తన మేజోళ్లను చూసుకున్నాడు, బొమ్మ చూశాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. అయితే గీసింది మీవాళ్లే, పేరు చెప్పండి అన్నాడు. నాకు కొంత వ్యవధి కావాలన్నాను.

ఆయన వెళ్లాక మా అమ్మాయి పట్టుకుంది. "అమ్మా, నీకు తెలుసుగా, చెప్పేయొచ్చు కదా. తప్పైతే ఆయన ఎడిట్ చేసుకుంటాడు. ఇదేమన్నా ఫ్రంట్ పేజీ న్యూసా?"

ఫ్రంట్ పేజీ కాకపోవచ్చు. కాని ఆ రోజు నుంచి నాకు మళ్లీ కాలు నిలవలేదు. చెబితే అక్క వాళ్ల నాన్నగారు దాచుకున్న చెయ్యి లోకానికంతా తెలుస్తుంది. చెప్పకపోతే అక్క గీసిన బొమ్మ ప్రశ్నార్థకంగానే మిగిలిపోతుంది. సాయంత్రాలు కాలిబాట మీద రెండు చుట్లు నడిచేదాన్ని నాలుగు చుట్లు నడిచాను. అక్కను అడగాలి. ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. పెళ్లయ్యాక ఆమె ఇంటిపేరు మారింది, ఆ కొత్త ఇంటిపేరు నాకు తెలియదు. పాత మిత్రులకు ఫోన్లు చేశాను. ఒకరు ఇంకొకరి నంబరు ఇచ్చారు. ఆ ఇంకొకరికి బెజవాడలో మా వీధి గుర్తుంది గాని మనుషులు గుర్తులేరు. మూడు వారాల తర్వాత, మా వీధిలో మిషను కుట్టిన ఆయన కోడలు వాట్సాప్‌లో ఒక శుభలేఖ పంపింది. మన శుభలేఖలో లేని చుట్టం ఉండడు. పెళ్లికొడుకు అమ్మమ్మగా అక్క పేరు ఉంది. కింద నంబరు ఇక్కడిదే. అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో, కూతురి దగ్గర ఉంది.

ఫోను ఆమె కూతురు తీసింది. నేనెవరో చెప్పడానికి తడబడ్డాను. అక్కకు ఇస్తే రెండు మాటలకే పోల్చుకుంది.

"డబ్బా దాకా వెళ్లి తిరిగొచ్చిన పిల్లవేనా? గోడ మీంచి చూశాలే ఆ రోజు. నువ్వు వెనక్కి తిరిగేదాకా నాకు ఊపిరి ఆడలేదు."

జాబితా రాసే పెద్దాయన సంగతంతా చెప్పాను. చెప్పమంటావా అని అడిగాను. వద్దంటుందనుకున్నాను.

"ఇప్పుడెవరి మీద పడుతుందే? చెప్పు. కాని సరిగ్గా చెప్పు. నావి రెండే."

మూడు కదా అన్నాను. ఆ రోజు చాప మీద మూడూ నేనే ఏరి తీశానని గుర్తుచేశాను.

"ఏరావు, నేను నవ్వాను. ఔనన్నానా? మూడోది నాన్నది. రెండు రోజులు నేను గీస్తుంటే చూస్తూ కూర్చుని, మూడో రోజు కలం ఇలా ఇవ్వమన్నారు. నేను మణికట్టు పట్టుకున్నానంతే. గీత ఆయనదే. పట్టుకోవాల్సి వచ్చిందని ఎవరికీ తెలియకూడదన్నారు, నామోషీ. ఆ తర్వాత ఆయన బొమ్మ గీయలేదు."

ఆ పెద్దాయన నా దగ్గర వదిలి వెళ్లిన నకలు తీసి చూశాను. గుర్రం మెడ దగ్గర గీత ఆగి ఆగి నడిచింది. అక్క కంగారులో గీసిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న గీత అది. నా కళ్ల మీద నాకు అంత నమ్మకం. మా అమ్మాయి మాట విని ఆ రోజే చెప్పేసి ఉంటే, ఆయన చివరి బొమ్మను ఆయన దగ్గర్నుంచి నేనే లాగేసేదాన్ని. ఎంతో ప్రేమగా లాగేసేదాన్ని.

ఏ పేర్లు రాయమంటావని అడిగాను. నాన్న పేరు చెప్పింది, తన పేరు చెప్పింది. ఇంటిపేరు శుభలేఖలో ఉన్నదేనా అన్నాను.

"అది మా ఆయనది. పుట్టింటిది రాయి. ఆ బొమ్మలు గీసినప్పుడు నేను మా నాన్న కూతుర్ని."

అలాగే రాసి పంపాను. పంపేముందు ప్రతి అక్షరమూ ఫోనులో ఆమెకు చదివి వినిపించాను. ఆ జాబితాలో ఇప్పుడు రెండు ముక్కల పక్కన ఒక పేరు, మూడోదాని పక్కన ఇంకో పేరు ఉన్నాయి. రెంటికీ ఇంటిపేరు ఒక్కటే.

నాకు కుదురు లేదని మా అమ్మాయి అంటూనే ఉంటుంది. నిజమే. ఏ సంగతైనా ఇక తేలిపోయిందనిపించిన మరుక్షణమే నాకు గుండెలో గుబులు మొదలవుతుంది. ఆ సంగతి ఎవరిదో ఆ మనిషిని ఒక్కసారి అడిగేదాకా అది పోదు. పదేళ్లప్పుడు పక్కింటి అక్క నాలో పెట్టిన గుబులు అది. ముప్పై ఏళ్ల ఉద్యోగమంతా దాంతోనే చేశాను. ఈ వయసులో దాన్ని ఎక్కడా దించాలని లేదు.