వ్యానుకు నీడ, నాకు పిల్ల

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, మా నల్గొండలో నా ఈడువాళ్లంతా నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ కోచింగ్ సెంటర్లలో గోడకు ఆనుకుని కూర్చుంటే, నేనొక్కణ్ణి మా మేనమామ టెంట్ హౌస్ వెనక జాగాలో ఒక పాత వ్యాను ముందు కూర్చుని ఉండేవాణ్ణి. చిన్న వ్యాను. అంతకుముందు ఏదో దవాఖానలో రోగులను మోసిన బండి. సీట్లు పీకించి, చెక్క మంచం వేయించి, ఒక మూల గ్యాసు పొయ్యి, మంచం కింద నీళ్ల డబ్బా అమర్చి, పైన తెల్లరంగు కొట్టించాను. (తలుపు మీది ఎర్ర ప్లస్ గుర్తు రెండు పూతలకూ లొంగక, ఎండ పడినప్పుడల్లా లోపలినుంచి తొంగి చూసేది.) కుటుంబాలను ఇందులో ఎక్కించుకుని నందికొండకు తీసుకెళ్తాను, కృష్ణ ఒడ్డున వండుకుని తిని పడుకుంటారు, ఇదే నా ఉద్యోగం అని చెప్తే, విన్నవాళ్లు ముందు నా ముఖం చూసి, తర్వాత మా మామ ముఖం చూసేవాళ్లు. ఆ వయసులో మనిషికి తనమీద తనకు ఎంత నమ్మకం ఉంటుందో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

ఆ నమ్మకం డిగ్రీలో నా వెనక బెంచీలో కూర్చున్న ఒకమ్మాయికి కూడా ఉండేది. (ఇప్పుడు మా ఇంటావిడ. ఆ నమ్మకం ఇంకా ఉందా అని ఈ మధ్య అడిగే ధైర్యం చెయ్యలేదు.) వాళ్ల నాయిన నందికొండలో డ్యాము గేట్ల దగ్గర పని చేసేవాడు. ఆయన్ను గేట్ల మామ అందాం. అవసరం ఉంటే తప్ప నోరు తెరవని మనిషి. పిల్లను అడుగుదామని నేను వ్యాను వేసుకుని వెళ్తే, మిట్టమధ్యాహ్నం బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, పైకప్పు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసుకుని నావైపు చూశాడు.

"మే నెలల గీ రేకుడబ్బల కూసుంటె మనుషులు ఉడుకుతరు. బండి ఆపినంక నీడేది?" అన్నాడు.

ఆయనే మళ్లీ అన్నాడు. "వచ్చే ఆదివారం నేను డ్యూటీ దిగే యాళ్లకు మా ఇంటి ముంగట పెట్టు. నీడ సూపియ్యి, కూసుని సూస్త. నీడ సంగతి సోంచాయించనోడు నా బిడ్డ సంగతేం సోంచాయిస్తడు?" నీడ గురించే ఆలోచించనివాడికి పిల్లనెవరిస్తారు, ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పైగా మిర్యాలగూడ నుంచి ఒక సర్కారు కొలువు సంబంధం వచ్చి ఉందని, ఆదివారం దాటితే వాళ్లకు కబురు పంపుతారని, అదే సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అంటే నా పెళ్లి ఒక గుడ్డముక్క మీద ఆగి ఉంది.

ఆ వారమంతా నేనూ మా టెంట్ హౌస్ మామా పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఫోన్లో చూస్తే విదేశాల్లో ఇలాంటి బండ్లకు పైన గొట్టంలో చుట్టిన పరదా ఉంటుంది, పిడి తిప్పితే బయటికొస్తుంది. అది తెప్పించాలంటే వారాలు పడుతుంది, బిగించాలంటే మా బండి పైరేకు అప్పడం కంటే కాస్త నయం. సరే అని వడ్లు ఆరబోసే నీలం టార్పాలిన్ కట్టి చూశాం. కింద కూర్చున్న మామ ముఖం నీలంగా మారింది, చెమట ధారగా కారింది, గాలికి అది కొట్టుకుంటుంటే మాట వినపడలేదు. తర్వాత కూరగాయలమ్మే ఆమెను బతిమాలి ఆమె పెద్ద గొడుగు తెచ్చి, పానగల్ చెరువుకట్ట కింద నిలబెట్టాం. చెరువు మీది గాలి దాన్ని ఎత్తుకెళ్లి బర్రెల మంద మధ్య వేసింది. బర్రెలనూ గొడుగునూ ఎవరివి వాళ్లకు అప్పగించేసరికి చీకటి పడింది. పూల షామియానా కడదామంటే బరువుకు వ్యాను ఒక పక్కకు ఒరిగింది, పైగా పెళ్లిళ్ల రోజులు, మిగతా పూలవన్నీ కిరాయికి పోయాయి. అన్నం సహించడం మానేసింది. మా అమ్మ నాకు దిష్టి తీసింది, వ్యానుకు కూడా తీసింది.

శనివారం మామ గోదాములోంచి ఒక తెల్ల గుడ్డ మోసుకొచ్చాడు. "అల్లుడా, గిది సూడు. తేలిక, మందం, ఎండ ఆపుతది, వాన నిలువది. రెండు కట్టెలు, నాలుగు తాళ్లు, ఒక్కడు కట్టొచ్చు" అన్నాడు. కట్టి చూస్తే నిజమే. కింద చల్లగా, తెల్లగా, పొద్దున్నే లేచినప్పటి వెలుతురులా ఉంది. దాన్ని బండికి సరిపడా కత్తిరించి, అంచులు కుట్టి, చేతికొచ్చిన పోగు కొరికి, మామ నా భుజం తట్టాడు. ఇన్ని దినాలకు కంటినిండా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున్నే నందికొండ గుట్ట మీది కాలనీలో గేట్ల మామ క్వార్టరు ముందు బండి ఆపాం. ఆయన ఇంకా డ్యూటీలో ఉన్నాడు. మగమనిషి లేనప్పుడు పెళ్లి కావలసినవాడు తలుపు కొట్టడం మర్యాద కాదని, సప్పుడు చెయ్యకుండా పని మొదలుపెట్టాం. ఆ అమ్మాయీ, వాళ్లమ్మా వెనక వంటింట్లో ఉన్నారు, గేట్ల మామ తల్లి అవ్వ దగ్గుతో వారం నుంచి ముందు గదిలో పడుకుని ఉంది. నేల అంతా బండ. తాడు కట్టే గూటం దిగలేదు. అందుకని తాళ్లు రెండు వ్యానుకు, రెండు వాళ్ల ప్రహరీ గేటుకు బిగించాం. మామ బండిలోంచి ప్లాస్టిక్ కుర్చీలు దించి వరసగా వేశాడు, ఒక నీళ్ల డ్రమ్ము పెట్టి మీద గ్లాసు బోర్లించాడు. కుర్చీలెందుకు మామా అంటే, "టెంటొక్కటే పంపుడు మన ఇంటా వంటా లేదు" అన్నాడు. లోయ మీదినుంచి గాలి గట్టిగానే వీస్తోంది. గుడ్డ కదల్లేదు.

కాసేపటికి స్కూటరు మీద పోతున్న ఒక పెద్దమనిషి మమ్మల్ని చూసి ఆగాడు. చెప్పులు విడిచి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నీడ నచ్చి కూర్చున్నాడనుకుని పొంగిపోయాను.

"ఎప్పుడైంది తమ్మీ?" అన్నాడు మెల్లగా.

"నిన్న రాత్రే అయిందన్నా. తెల్లారంగనే తెచ్చినం."

"ఎప్పుడు తీస్తరు?"

"సార్ డ్యూటీ దిగి రావాలె. ఆయన సూసినంకనే తీస్తం."

"ఆయనకింక తెల్వదా?"

"తెల్వదన్నా. సప్పుడు చెయ్యకుండ పెట్టినం."

ఆయన చాలాసేపు తల ఊపి, ఒక గ్లాసు నీళ్లు తాగి, పక్కకు వెళ్లి ఫోన్ తీశాడు. ఆయన మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి. "ఏం కాలేదు. నువ్వైతే జర జల్ది ఇంటికి రా. ఏం కాలేదంటున్న గదా, ఫికర్ చెయ్యకు. రా."

మా దిక్కున మనిషి పోతే ఫోన్లో పోయారని ఎవరూ చెప్పరు. ఏం కాలేదు, జల్ది రా అంటారు. ఆ మాట విన్నవాడికి ఏమైందో అప్పుడే తెలిసిపోతుంది. నాకూ తెలిసింది. తెల్ల టెంటు, వరసగా కుర్చీలు, ప్రహరీకి కట్టిన తాళ్లు, పక్కన ఎర్ర ప్లస్ తొంగి చూస్తున్న తెల్ల వ్యాను, లోపల వారం నుంచి మంచం పట్టిన ముసలమ్మ. పూల షామియానా పడితే పెళ్లి, తెల్లది పడితే చావు అని మా ఊళ్లల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పొద్దున లేస్తే ఆ గుడ్డలే మడతపెట్టే మా ఇద్దరికే గుర్తు లేదు. నేను మామ వైపు చూశాను. మామ తల పైకెత్తి టెంటు వైపు చూశాడు. "అల్లుడా, మనకది గుడ్డ. జనాలకది కబురు" అన్నాడు. ఆ మాట నిన్న అనాల్సింది.

తాళ్లు విప్పుదామని ఉరికాను. మామ ముడి వేస్తే మామే విప్పాలి, మామ ఇంకా టెంటు వైపే చూస్తున్నాడు. ఈలోపు వరస ఇళ్లవాళ్లంతా వచ్చేశారు. నేను గుడ్డ లాగబోతే ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "ఏందయ్యా, ఇందర్ని ఎండల కూసోబెడ్తవా" అని గదిమాడు. ఎవరూ పోలేదని చెప్పబోయాను. మాటకంటే ముందు ఏడుపొచ్చింది, అది చూసి ఆయన నన్ను బంధువనుకుని ఓదార్చాడు. ఇంతలో ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుని రాగం అందుకుంది. "ఓ అవ్వా, నిన్న పొద్దుమీకి నాతోని మాట్లాడితివి గదనే, మంచి మనసు దానవు గదనే..."

అప్పుడే మలుపు దగ్గర గేట్ల మామ మోటారు సైకిలు కనిపించింది. ఆయన దూరం నుంచే ఇంటి ముందు తెల్లదనం చూశాడు. బండి స్టాండు వెయ్యలేదు, అలాగే వదిలేశాడు. అది రోడ్డు మీద పడింది, టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ పోయింది. ఒక కాలికి చెప్పు లేకుండా వస్తున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని ఆ మనిషి "అమ్మా" అని అరిచాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నా, ఆ పిలుపు దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోతుంది.

తలుపు తెరుచుకుంది. కట్టె పట్టుకుని అవ్వ బయటికొచ్చింది.

"ఏందిరా, గంత మొత్తుకుంటున్నవ్?" అంది కొడుకును. చుట్టూ చూసింది. టెంటు చూసింది, జనాన్ని చూసింది, మెట్లు దిగి వచ్చి రాగం తీస్తున్న ఆమె పక్కనే కుర్చీలో కూర్చుంది. "ఎవలు పోయిన్రే?" అని అడిగింది.

ఆమె నోరు తెరిచి మూసి, చివరికి "నువ్వేనవ్వా" అంది.

అవ్వ కట్టె పక్కన పెట్టింది. "గట్లనా. మరి ఆగినవేంది, మంచి మనసు అన్నవ్ గదా, ఆ తర్వాతిది చెప్పు." అవ్వ వరసలన్నీ కలియజూసి, "మూలింటామె రాలే. నా పచ్చడి జాడీ ఆమె దగ్గర్నే ఉన్నది, ఎట్లొస్తది" అంది. ఆ తర్వాత స్కూటరాయన వైపు తిరిగి, అందరికంటే ముందు వచ్చినందుకు అతణ్ణి మెచ్చుకుంది.

గేట్ల మామ డ్రమ్ములో నీళ్లతో ముఖం కడుక్కుని తల్లి పక్కన కూర్చున్నాడు. తాడు చేతిలో పట్టుకుని నిలబడి, సార్, నీడ కోసం, అంటూ జరిగిందంతా చెప్పాను. గుమ్మంలో ఆ అమ్మాయి గరిటెతో నిలబడి ముఖం కొంగులో దాచుకుంది, ఏడుస్తోందేమోనని నా ప్రాణం పోయింది. (నవ్వేనట. పెళ్లయ్యాక చెప్పింది.) మిర్యాలగూడ కొలువు నా కళ్లముందు తిరిగింది. గేట్ల మామ లేచి తాడు లాగి చూశాడు. గుడ్డ వాలు చూశాడు. ఆ రోజులాగే వ్యాను పైకప్పు మీద చెయ్యి పెట్టి, ఈసారి తియ్యలేదు.

"గాలికి ఆగింది" అన్నాడు. "ఇంతమంది కూసున్నరు, ఒక్కరికి చెమట పట్టలే." గుడ్డ వైపు మళ్లీ తలెత్తి, "రంగు మార్చు" అన్నాడు.

అంతే. నాకు పిల్లనిచ్చినట్టు ఆయన పలికిన మాట అదే, ఇంకో మాట అడగడానికి నాకూ ధైర్యం లేదు.

ఆకుపచ్చ చారల గుడ్డ కుట్టించాం. బండిలో మొదటిసారి ఎక్కింది అవ్వే. కృష్ణ ఒడ్డున ఆ నీడలో కాళ్లు చాపుకుని, "నేను పోయిన్నాడు గా తెల్లది కట్టకు. గిదే కట్టు, నాకు సల్లగుంటది" అంది. కొన్నేళ్లకు నిజంగానే పోయినప్పుడు అదే కట్టాను. దారిన పోయే ఒకాయన బండి ఆపి, ఏం ఫంక్షన్ అని అడిగితే, గేట్ల మామ "మా అమ్మది" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూలింటామె కూడా వచ్చింది, పచ్చడి జాడీ తోమి తీసుకొచ్చి గడప పక్కన పెట్టింది.

ఇప్పుడు నాకు మీసంలో తెలుపు వచ్చింది, వ్యాను మూడోది. అయినా ఎక్కడ ఆపినా పరదా విప్పే ముందు రోడ్డు అటూ ఇటూ చూస్తాను. ఒక్కోసారి ఎవరో వేగం తగ్గించి మావైపే చూస్తారు. పొయ్యి దగ్గరినుంచి మా ఇంటావిడ తల బయటపెట్టి, "ఏం కాలేదన్నా, పో" అంటుంది. ఆయనకు అర్థం కాదు. నాకు మాత్రం ఆనాటి కుర్రవాడు, ముడి విప్పలేక చేతిలో తాడుతో నిలబడ్డవాడు, కనిపించి, ఏం కాలేదురా, ఫికర్ చెయ్యకు అని వాడికి ఒక ఫోన్ చెయ్యాలనిపిస్తుంది.