అక్క చందువ, నేను నెత్తలి

మొన్న మా మనవరాలు సెల్‌ఫోన్‌లో ఎవరెవరి ఫొటోలో చూస్తా, ఈమె జీరో సైజు, ఆమె చబ్బీ అని పేర్లు పెడుతూ కూర్చుని, నా పడుచునాటి ఫొటో కంటబడేసరికి, అబ్బ, ఎంత స్లిమ్ముగా ఉన్నావు అవ్వా అని మురిసిపోయింది. ఏం చెప్పేది దానికి? మా పులికాటు ఒడ్డున ఆ ఒంటికి పెట్టిన పేరు ఎండు నెత్తలి. వేలెడు చేప, ఎండితే పుల్ల. మా అక్కనేమో చందువ అనేవాళ్ళు, ఆ చేప మాదిరి వెడల్పుగా, నిండుగా ఉంటుందని.

చందువ అంటే అందగత్తె అనుకున్నాను నేను. అది గంజి తాగినా నిగనిగలాడేది, నేను దానికన్నా రెండు ముద్దలు ఎక్కువ తిన్నా ఒంటికి పట్టేది కాదు, ఆ కుళ్ళుతో దానితో మాట్లాడని రోజులు కూడా ఉన్నాయి. పైగా మేనత్త కొడుకు మీద నాకు మనసు. బావ పడవ దిగి వస్తే చెంబుతో నీళ్ళు ఎదురు తీసుకుపోయేది నేనే.

మా ఇద్దరిలో ఒకరిని ఖాయం చేసుకోవడానికి అత్త వస్తుందని తెలిసి, లావుగా కనబడాలని పావడా మీద పావడా తొడిగి, పైన చీర చుట్టుకుని, ఉక్కకు చెమటలు కారిపోతున్నా ఓర్చుకున్నాను. అత్త మా మొహాలైనా చూడలేదు. మా ఇళ్ళల్లో కోడల్ని చూడడమంటే నెత్తిన తడి చేపల గంప పెట్టి నడిపించి చూడడమే. అక్క ఒడ్డు నుంచి రోడ్డు దాకా తొణక్కుండా పోయింది. నాకు ఇసుకలో సగం దూరానికే పైపావడా జారి కాళ్ళకు చుట్టుకుని, గంపతో సహా కూలబడ్డాను.

"పిల్ల మంచిదే గానీ బరువు మోయలేదు. నాకు చందువే కావాల," అన్నింది అత్త.

అప్పుడు తెలిసింది ఆ పేర్లకు అర్థం. అందమూ లేదు పాడూ లేదు, ఎవతె ఎంత మోస్తుందన్నదే లెక్క. తెలిసి ఏం లాభం, కుళ్ళు పోలేదు. అక్క ఊరూరా గంపలు మోసి మోకాళ్ళు అరగదీసుకున్నింది. నన్ను కావలిలో బట్టలు కుట్టే ఆయనకిచ్చినారు, మంచాయన, నాచేత బిందెడు నీళ్ళు కూడా మోయించలేదు.

ఇప్పుడు చేపలు ఐసు పెట్టెల్లో వ్యానెక్కి పోతున్నాయి, గంప ఎత్తగలవా అని ఏ పిల్లనూ అడిగేవాళ్ళు లేరు. మంచిదే. పోయిన వారం అక్కను చూడబోతే, అది లేవలేక అరుగు మీద కూర్చోనుంది, బావ పీట వేసుకుని, నొప్పి ఇక్కడేనా అని మెల్లగా అడుగుతా దాని మోకాళ్ళకు నువ్వులనూనె రాస్తా ఉన్నాడు. ఈ వయసులో నాకు సిగ్గేముంది, చెబుతున్నాను, నా మోకాళ్ళు గట్టిగా ఉన్నందుకు ఆ పొద్దు నాకు ఏడుపొచ్చింది.