వెల్దుర్తి కందిచేలో దిగిన పెట్టె

మొన్న పక్కింటి కోడలు తన ఫోన్‌లో ఏదో రంగుల పటం తెరిచి, మన నరసరావుపేట గాలిలో ఏమేం కలిసి ఉన్నాయో ఉపగ్రహం చెబుతుందట, ఈ అంకెల్ని నమ్మొచ్చా బాబాయిగారూ అని అడిగింది. నమ్మొచ్చమ్మా, వాటిని సరిచూసేవాళ్లు ఉంటారు అన్నాను గానీ, ఆ మాట అంటుండగానే కుళ్లినదేదో కొరికినట్టయింది. ఎందుకంటే ఒకప్పుడు ఆ సరిచూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అరవైల చివరి మాట. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఉపగ్రహం అంటే పేపర్లో చదివి నోరు తెరవడమే. గురజాలలో బడిపంతులు కొడుకునైన నాకు, సైన్సు డిగ్రీ పుణ్యమా అని హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో సహాయకుడి ఉద్యోగం దొరికింది. విదేశీయుల ఉపగ్రహం ఒకటి పైనుంచి చూసి, ఆకాశంలో ఓజోన్ ఎంతుందో లెక్క చెప్పేది. ఆ లెక్క నిజమో కాదో తేలాలంటే, అది మన మీదుగా పోయే రోజునే ఒక పెద్ద బెలూన్‌కు కొలిచే సాధనం కట్టి పంపి, అక్కడి గాలిని నేరుగా పట్టి చూడాలి. కొలతలు పెట్టెలోని కాగితపు చుట్ట మీద గీతలుగా పడేవి. చివరికి బెలూన్ నుంచి తెగి, పెట్టె పారాచూట్‌తో ఎక్కడో దిగేది. అది దొరికితేనే కొలత, లేకుంటే ఆర్నెల్ల చాకిరీ వృథా.

ఆ ఏడు మాఘమాసంలో వదిలింది గాలివాటున కృష్ణ దాటి, వెల్దుర్తి దగ్గర ఒక కందిచేలో దిగిందని తంతి వచ్చింది. ఆ వైపువాణ్ణని మా అధికారి నన్ను వెంటబెట్టుకుని జీపులో బయలుదేరారు.

పెట్టెను కాపాడింది క్రైస్తవుల పేటలో ఒంటరిగా ఉంటూ కూలికి పోయే ఒక పెద్దామె. చర్చిలో బైబిలు చదవడానికి నేర్చుకున్న అక్షరాలతో, పెట్టె మీద మేం తెలుగులో అతికించిన కాగితాన్ని కూడబలుక్కుని చదివి, విప్పొద్దు, తడవనీయొద్దు, పోస్టాఫీసులో చెప్పండి అన్న మూడు మాటల్నీ తు.చ. తప్పకుండా పాటించింది. బాంబని కొందరు, లోపల బంగారముందని కొందరు ఎగబడ్డారట. ఊళ్లో పెద్దరైతు మనుషులొచ్చి పారాచూట్ గుడ్డ పట్టుకుపోతే, గుడ్డ వదిలేసింది గానీ పెట్టె మాత్రం వదలకుండా, నాలుగు రోజులు కూలి మానుకుని, దాన్ని తన నులకమంచం మీద పెట్టి తాను నేల మీద కూర్చుందట. నేను చూసేసరికి మూతకు మేం వేసిన మైనపు ముద్ర మీద గీటైనా లేదు.

మా అధికారి ఆమె గడప దాకా కూడా రాలేదు. పెట్టెను బయటికి తెప్పించి, నేల మీద పెట్టించి, ఆమె దూరం జరిగాక దాని మీద నీళ్లు చిలకరించమని నాతో చెప్పారు. తడవనీయొద్దని రాయించింది కూడా ఆయనే. నేను చిలకరించాను. ఆమె చెంబుతో మంచినీళ్లు తెస్తే, ఆయన చూస్తున్నారని, దప్పిక లేదన్నాను.

హైదరాబాదులో గీతలు చదివితే, మా కొలత ఉపగ్రహం లెక్కకన్నా బాగా తక్కువ వచ్చింది. సాధనాన్ని రెండుసార్లు మళ్లీ పరీక్షించాను. ఎగరకముందు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ మాటే చెబితే అధికారి నవ్వారు.

"కోట్లు పోసి పంపినవాళ్ల లెక్క తప్పూ, మన డబ్బా లెక్క ఒప్పూనా? పల్లెలో ఆ ఆడమనిషి విప్పి పాడుచేసిందని రాయి" అన్నారు.

ఆయన విదేశీ ప్రయాణం ఆ ఉపగ్రహం వాళ్ల చేతుల్లోనే ఉందని ఆఫీసంతా ఎరుగుదుం. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నా చేత్తోనే రాసి, నా సంతకమే పెట్టాను.

ఆ కాగితం నకలు తాలూకా ఆఫీసుకు వెళ్లింది. సర్కారు సామాను చెడగొట్టిందని పోలీసులు ఆమెను పిలిపించి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టారట. ఆపైన పెద్దరైతు తన చేలకు ఆమెను పిలవడం మానేశాడు. వేసవిలో నేను ఇంటికి పోతుంటే మాచర్ల బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"నేను ఇప్పలేదు నాయనా. ముద్దర నువ్వే సూశావు గదా" అంది. అరవలేదు, ఏడవలేదు. నా చేతుల్లో ఏముందమ్మా అని గొణిగి, గురజాల బస్సెక్కి, కిటికీ వైపు తల తిప్పకుండా కూర్చున్నాను.

రెండేళ్ల తర్వాత ఆ విదేశీయులే తమ ఉపగ్రహం ఎక్కువ చూపిస్తోందని కనిపెట్టి, మా అసలు గీతలు పంపమని ఉత్తరం రాశారు. మా కొలతే ఒప్పు. అధికారికి మొదటినుంచీ ఆ అనుమానం ఉందట. సభలో ఆయనే చెప్పుకున్నారు, శాలువా కప్పారు, నేనూ చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

మర్నాడే సెలవు పెట్టి బయలుదేరాను. పాత నివేదిక అబద్ధమని సంతకం చేసిన కాగితం తాలూకా ఆఫీసులో ఇచ్చి, దాని నకలు తీసుకుని వెల్దుర్తి వెళ్లి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని వెలుగుకు పట్టి, వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. నువ్వు విప్పలేదని తేలిందమ్మా అన్నాను.

"నాకు తెలుసుగా నాయనా. తేలాల్సింది మీకు" అంది. లోపలికి రమ్మనలేదు.

ఇప్పుడు బెలూన్ పైన ఉండగానే కొలతలు రేడియోలో దిగిపోతాయట, పెట్టె కోసం జీపులు ఊళ్ల మీద పడనక్కర్లేదట. మంచి పద్ధతే, మరొకరి మీద నెపం వేసే వీలు ఆ మేరకు తగ్గింది. కానీ మేం ఆకాశంలో ఏం కొలుస్తున్నామో తెలియకపోయినా, రాసిన మాటకు కట్టుబడి పనులు పోగొట్టుకున్న మనుషులు ఆ రోజుల్లో మా పనిలో సగం మోసేవాళ్లు. ఈ కాలం వాళ్లకు వాళ్లు ఎదురుపడరు. మాకు ఎదురుపడ్డారు, మేం వాళ్లకు చేసింది ఇదీ.