రుద్రూర్ బస్సులో దొరికిన ఇద్దరు

సుమన మా దగ్గరికి శిక్షణకు వచ్చిన మొదటి వారంలోనే నాకో సంగతి అర్థమైంది. ఈ పిల్ల కళ్లు తెరుచుకుని నిద్రపోగలదు.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో మా జన్యు పరీక్షల విభాగం ఉంది. నాలుగు గదులు, ఆరుగురు మనుషులు, ఎప్పుడూ గుర్రుమనే రెండు ఫ్రిజ్‌లు. ఏటా ఒకరిద్దరు ఎమ్మెస్సీ చదివిన పిల్లలు ఏడాది శిక్షణకు వస్తారు. ఒక్కో పని వచ్చిందని నాకు నమ్మకం కుదిరాక వాళ్ల లాగ్‌బుక్‌లో సంతకం పెడతాను. అన్ని సంతకాలూ పడితేనే శిక్షణ పూర్తయినట్టు. ఒక్కటి తగ్గినా ఇంకో ఏడాది ఆగాల్సిందే. సంతకాల విషయంలో నేను పిసినారినని పేరు. ఆ పేరంటే నాకు లోలోపల ఇష్టమే.

సుమనది రుద్రూర్. తండ్రి బాలన్న అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కూలి. ఏ గడ ఏ రకమో రాసిన చీటీలు చెరకుకు కట్టడం ఆయన పని. ఆ వరసల మధ్య తిరుగుతూ, చీటీల మీది అంకెలు చదువుతూ పెరిగింది ఈ పిల్ల. బోధన్‌లో డిగ్రీ, హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ అయ్యాక మళ్లీ ఇంటికే చేరింది. రోజూ రుద్రూర్ నుంచి బోధన్ మీదుగా బస్సులో వచ్చిపోయేది. హాస్టల్లో ఉండరాదా అంటే, "బస్సుల మంచిగ ఆలోచనలొస్తయి మేడం" అంది. ఆలోచనలట!

ఒకరోజు మైక్రోస్కోపు ముందు అరగంట నుంచి కదలకుండా కూర్చుంది. వెనక నుంచి వెళ్లి, "ఏందే, నిద్రవోతున్నవా?" అన్నాను.

ఉలిక్కిపడలేదు. తల కూడా తిప్పలేదు. "లేదు మేడం. గివి సెరుకు ముక్కల లెక్కనే ఉన్నయి. కణుపులు కణుపులున్నయి. గంత సిన్నగున్న దాంట్ల ఒక మనిషి మొత్తం ఉన్నడంటే నమ్మబుద్దయితలేదు."

క్రోమోజోములు చూసి అలా అన్న మనిషిని ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు. లెక్కపెట్టి రాయమంటే లెక్క మాత్రం తప్పలేదు. అందుకే తిట్టలేక వదిలేశాను.

పదో నెల వచ్చేసరికి ఆమె లాగ్‌బుక్‌లో ఒక్క సంతకమే మిగిలింది. కుటుంబ వివరాలు అడిగి, ఆ ఇంటి వంశపటం ఒక్కతే గీయడం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, చనిపోయిన వాళ్ల మీద అడ్డగీత. మేనరికమైతే భార్యాభర్తల మధ్య రెండు గీతలు. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గాని, మా పరీక్షలన్నీ ఆ కాగితం నుంచే మొదలవుతాయి. నేను పదిహేను నిమిషాల్లో ముగిస్తాను. సుమనకు గంటన్నర పట్టేది. ఎదుటివాళ్లు మాట ఆపితే తనూ ఆపేది. వాళ్లు కిటికీలోంచి చూస్తే తనూ చూసేది. బయట వరండాలో జనం గొణిగేవాళ్లు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ సంతకం పెట్టలేదు.

అలాంటి రోజుల్లోనే, డిసెంబరు మొదట్లో, లత వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. భర్త శ్రావణ్ నిజామాబాద్‌లోనే ఒక మొబైల్ షాపులో పనిచేస్తాడు. వాళ్ల మొదటి కొడుకు తొమ్మిది నెలల వయసులో పోయాడు. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడట, తర్వాత మెడ నిలవలేదు, కాళ్లూ చేతులూ మెత్తబడ్డాయి, చివరికి నిమోనియా వచ్చింది. అప్పట్లో ఏ పరీక్షా చేయించలేదు. ఇప్పుడు లతకు మళ్లీ తొమ్మిదో వారం. కడుపులో ఉన్న బిడ్డకూ అదే గతి పడుతుందా? ఆమె అడిగేది ఆ ఒక్క మాటే. పరీక్ష చేయాలంటే మాకున్నది మూడు నాలుగు వారాలు.

"చూసి నేర్చుకో, టైం గూడ చూస్కో" అని సుమనను పక్కన కూర్చోబెట్టుకుని పటం నేనే గీశాను. శ్రావణ్ తల్లి దేవవ్వ కూడా వచ్చింది. ఆమెది రుద్రూర్ అవతల ఏదో పల్లె.

"నీకు పిల్లలెంతమందమ్మా?" అని అడిగాను.

"ఒక్కడే కొడుకు" అంది దేవవ్వ.

ఒక చతురస్రం గీసి పక్కకు వెళ్లిపోయాను. మొత్తం పద్నాలుగు నిమిషాలు. వాళ్లు వెళ్లాక సుమన మెల్లగా, "జవాబు చెప్పేముందు గా అవ్వ కోడలి దిక్కు చూసింది మేడం" అంది.

"అత్తలు కోడళ్ల దిక్కు చూడక ఎటు చూస్తరే?" అని కొట్టిపారేశాను.

మేము వెతుకుతున్న జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కండరాలకు బలమిచ్చే జన్యువు ఒకటుంది. మామూలుగా ప్రతి మనిషికీ అవి రెండుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకవైపు ఖాళీగా ఉన్నా మనిషికి ఏమీ కాదు. అలాంటి ఇద్దరికి పుట్టిన బిడ్డకు రెండు వైపులా ఖాళీ వస్తే మాత్రం ఆ బిడ్డ మెడ నిలవదు. లత రక్తంలో ఆ జన్యువు ఒకటే కనిపించింది. శ్రావణ్ రక్తంలో రెండున్నాయి. భర్తకు రెండూ ఉన్నాయి కాబట్టి ఈ జబ్బు భయం దాదాపు లేనట్టేనని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. మర్నాడు పది గంటలకు వచ్చి తీసుకెళ్లమని ఫోను చేయించాను.

ఆ సాయంత్రం బస్సులో జరిగింది తర్వాత సుమనే చెప్పింది. చెప్పడానికి గంట పట్టిందనుకోండి.

కొడుకు ఇంట్లో కూరగాయలు దింపి ఊరికి తిరిగి వెళుతోంది దేవవ్వ. బస్సులో సుమన పక్క సీటు ఖాళీగా ఉంటే వచ్చి కూర్చుంది. "నువ్వు దవాఖాన పిల్లవు గాదు?" అంది. అవునంది సుమన. ఎవరి బిడ్డవంటే బాలన్న బిడ్డనంది. అక్కడితో మాటలైపోయాయి. ఇంకొకరైతే ఫోను తీసేవారు. సుమన ఎప్పటిలాగే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎడపల్లి దాటాక ముందు ఒక చెరకు ట్రాక్టరు అడ్డం పడి, బస్సు నడకలాగే కదులుతోంది. రెండు పక్కలా చెరకు పూతకొచ్చి, తెల్లటి వెన్నులు పొద్దుగూకే వెలుతురులో ఊగుతున్నాయి. వాటి మీదికి మంచు దిగుతోంది. కాసేపటికి చేను కనిపించడం మానేసింది. తెలుపొక్కటే మిగిలింది. బస్సు ఎటూ పోకుండా ఆ తెలుపులో తేలుతున్నట్టు అనిపించిందట మా పిల్లకు. పక్కన మనిషి ఉందన్న సంగతి కూడా మరిచిపోయిందట.

ఆ తెలుపులోకి చూస్తూనే దేవవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది.

"గిట్లనే సెరుకు పూసినప్పుడే పోయింది నా పెద్దబిడ్డ. ఏడాది నిండలే. దాని ఎనుక ఇంకో ఆడపిల్ల. అది గూడ గంతే. బట్ట లెక్క మెత్తగుండేటోళ్లు బిడ్డ. కండ్లు మాత్రం ఎంత తెలివిగుండె! నేనెటువోతె అటే సూసేటోళ్లు."

సుమన ఆమె వైపు తిరగలేదు. తిరిగితే మాట ఆగిపోతుందని భయపడిందట. ఈ జబ్బు గుర్తు గురించి ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది.

"వాళ్ల నాలిక సన్నగ వణుకుతుండెనా అవ్వ?"

"నీకెట్ల ఎరుక?" అంది దేవవ్వ. కాస్త ఆగి, "దవాఖానల మీ మేడం అడిగింది గని, కడుపుతోనున్న పిల్ల ముంగట సచ్చిన పిల్లల ముచ్చట తీస్తరా ఎవలన్న? గందుకే ఒక్కడే అన్న" అంది.

బోధన్ బస్టాండులో బస్సు ఆగగానే సుమన నాకు ఫోను చేసింది. నేను పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్నాను.

"మేడం, రేపు గా రిపోర్టు ఇయ్యకుండ్రి."

విషయం వినగానే ముందు నాకు కోపమొచ్చింది. బస్సులో పేషెంటు సంగతులేంటని అరిచాను. దేవవ్వను తను అడగలేదని, ఆమే చెప్పిందని అంది. "అయినా శ్రావణ్‌కు రెండున్నయి గదనే. మిషన్ అబద్ధం చెప్తదా?" అన్నాను.

"అబద్ధం చెప్పదు మేడం. కాడికి రెండెడ్లున్నయని చెప్తది. రెండూ ఒక్క దిక్కే కట్టిండ్రా అంటే దానికి తెల్వది."

పొయ్యి ఆపేశాను. ఆ సంగతి నాకు తెలియక కాదు. చాలా అరుదుగా కొందరికి రెండు జన్యువులూ ఒకవైపే ఉంటాయి, రెండోవైపు ఖాళీ. మా పరీక్షకు మొత్తం ఎన్నున్నాయో తెలుస్తుంది గాని ఏ వైపు ఎన్నున్నాయో తెలియదు. ఇంట్లో ఇంకెవరికైనా ఆ జబ్బు వచ్చిందంటేనే ఆ అనుమానం వస్తుంది. నేనే ఎన్నోసార్లు పిల్లలకు పాఠం చెప్పాను. పద్నాలుగు నిమిషాల్లో పటం గీశానని మురిసిపోయిన మనిషిని నేను. సిగ్గేసింది, అంతే.

మర్నాడు రిపోర్టు ఇవ్వలేదు. ఇంకో పరీక్ష అవసరమని లతకు చెప్పి, దేవవ్వను, ఆమె భర్త ఎర్రన్నను పిలిపించాము. దేవవ్వతో సుమన వేరే గదిలో ఒంటరిగా కూర్చుంది. గంటా పది నిమిషాలు పట్టింది. నేను గడియారం చూడలేదని చెబితే అబద్ధమవుతుంది. బయటికొచ్చాక పటంలో రెండు కొత్త సున్నాలున్నాయి, వాటి మీద అడ్డగీతలు. ఆ పూటే లాగ్‌బుక్ తెప్పించుకుని మిగిలిన సంతకం పెట్టాను. ఆ పిల్ల చూసి, "ఇయ్యాల గూడ లేటైంది గద మేడం?" అంది. "నోర్మూసుకొని తీస్కో" అన్నాను.

రక్తపరీక్షలో దేవవ్వకు ఒకటే ఉంది. ఎర్రన్నకు రెండు. ఇద్దరు బిడ్డలు అలా పోయారంటే ఎర్రన్నకూ ఒకవైపు ఖాళీ ఉండాలి, అంటే ఆయనకున్న రెండూ ఒకవైపే ఉన్నట్టు. శ్రావణ్‌కు ఆ రెండూ కలిసి తండ్రి నుంచే వచ్చాయి, తల్లి నుంచి ఖాళీ వచ్చింది. లతకూ ఒకవైపు ఖాళీయే. అంటే కడుపులో బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంది.

సమయం ఇంకా దాటలేదు. లతను హైదరాబాద్ పంపి, గర్భంలోని మాయ నుంచి చిన్న ముక్క తీయించి పరీక్షకు ఇచ్చాము. ఫలితానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ సుమన పగటికలలు కనలేదు. పిలిస్తే మొదటిసారికే పలికేది. నాకు అదే భయంగా ఉండేది.

పదో రోజు లత, శ్రావణ్, దేవవ్వ మా గదిలో కూర్చున్నారు. చెప్పే పని సుమనకే అప్పగించాను.

"ఒకటున్నది లతక్కా. ఒక్కటి చాలు. నీకున్నట్టే. బిడ్డకు గా రోగం రాదు" అంది.

లత రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. శ్రావణ్ ఫోను పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి తండ్రితో ఏదో గట్టిగా చెబుతూ ఏడుస్తూ నవ్వుతున్నాడు. దేవవ్వ మాత్రం బల్ల మీది పటాన్నే చూస్తోంది. కోడలి దగ్గర ఇక దాచాల్సిందేమీ లేదని ఆమెకు ముందే చెప్పాము.

"గా గీత కొట్టిన రెండు సున్నలు నా బిడ్డలేనా?"

"అవునవ్వ."

"మా ఇద్దరి దిక్కు నుంచి వచ్చిందంటివి గదా రోగం?"

"అవునవ్వ. తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి, రెండు దిక్కులు ఖాళీ వస్తెనే వస్తది. పుట్టకముందే రాసి ఉంటది. ఎవలేం జేసినా ఆగేది కాదు."

దేవవ్వ పటం మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

"అయితే నా పాలతోని గాదా?"

సుమనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"మా అత్త అన్నది, నీ పాలల్ల ఇసమున్నది, గందుకే పిల్లలు మెత్తవడి సస్తున్నరని. ఊరు ఊరంత గదే అనిరి. నేను గూడ గదే అనుకున్న" అంది దేవవ్వ.

గుమ్మం దగ్గర శ్రావణ్ మాట ఆగిపోయింది.

"కాదవ్వ. నీ పాలు మంచియే" అంది సుమన.

"మంచియేనా?" అని నా వైపు చూసింది, పెద్దదాన్ని కదా, నేనేమంటానోనని. మంచివేనని తల ఊపాను.

"వీడు పుట్టినంక ఒక్క సుక్క ఇయ్యలే బిడ్డ. బతకాలె గదా అని మేకపాలు తాపిన. పక్కపొంటే పండుకొని రొమ్ముకు తడుముకుంట ఏడుస్తుండె. నేను అటు తిరిగి గోడకు పిండిన. నెలల కొద్ది గోడకు పిండిన."

సుమన కుర్చీ జరుపుకుని ఆమె పక్కన కూర్చుంది. శ్రావణ్ ఫోను చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి తల్లినే చూస్తున్నాడు. వరండాలో ఇంకా నలుగురు తమ పేరు పిలుస్తామని చూస్తున్నారు. నేను లేచి తలుపు దగ్గరికి వేశాను.